రోడ్డు మీది బతుకు, చేతిలోని ఫోను

లారీ బయల్దేరితే తిరిగొచ్చేదాకా మనిషి జాడ తెలియని కాలం మరీ పాతదేమీ కాదు. విజయవాడ ఆటోనగర్ నుంచి లోడుతో కలకత్తా వెళ్లిన డ్రైవరు క్షేమంగా చేరాడో లేదో అవతలి ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ట్రంకు కాల్ చేస్తేనో, ఎదురొచ్చిన లారీవాళ్లు కబురు మోసుకొస్తేనో తెలిసేది. నేరుగా నంబరు తిప్పి దూరపు ఊరితో మాట్లాడే ఎస్టీడీ మన దేశంలో 1960లోనే లక్నో, కాన్పూర్‌ల మధ్య మొదలైంది. అది హైవే పక్కన దాబా దగ్గరికి చేరడానికి మాత్రం పాతికేళ్లకు పైగా పట్టింది. 1984లో పుట్టిన సీ-డాట్ సంస్థ ఏసీ గది అక్కర్లేకుండా, ఎండనీ దుమ్మునీ తట్టుకుని పనిచేసే చిన్న ఎక్స్ఛేంజీలను తయారుచేశాకే పల్లెల్లోకి టెలిఫోను లైన్లు సరిగ్గా వెళ్లాయి. వాటి వెంటే పసుపు రంగు బోర్డుల ఎస్టీడీ బూత్‌లు రోడ్ల పక్కన వెలిశాయి.

ఆ బూత్‌లు రోడ్డు మీద బతికేవాళ్లకు చేసిన మేలు చిన్నది కాదు. పొద్దుపోయాక రేటు తగ్గేది కాబట్టి డ్రైవర్లు, సేల్స్ రిప్రజెంటేటివ్‌లు, కోత మిషన్ల వెంట ఊళ్లు తిరిగేవాళ్లు రాత్రిళ్లు బూత్ ముందు వరస కట్టేవాళ్లు. కానీ ఆ సౌకర్యం ఒకవైపుదే. రోడ్డు మీదున్న మనిషి ఇంటికి మాట్లాడగలడు గానీ, ఇంట్లోవాళ్లు అతన్ని పిలవలేరు. రిటర్న్ లోడు దొరికిందని బ్రోకరు చెప్పాలన్నా, తల్లికి సీరియస్‌గా ఉందని తమ్ముడు చెప్పాలన్నా దారి లేదు. ప్రయాణంలో ఉన్నవాళ్లకు తాము ఫోన్ చేయగలగడం కంటే తమకు ఫోన్ రావడమే ముఖ్యం. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే తర్వాతి ముప్పై ఏళ్ల చరిత్ర వాళ్ల వైపు నుంచి కొత్తగా కనిపిస్తుంది.

1995 జులై 31న పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు కలకత్తా నుంచి ఢిల్లీలోని కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్‌తో మాట్లాడిన కాల్ దేశంలో మొదటి మొబైల్ కాల్. అప్పట్లో చేసినా డబ్బే, వచ్చినా డబ్బే. రద్దీ వేళల్లో నిమిషానికి 16 రూపాయలు దాటేది. మన ఉమ్మడి రాష్ట్రంలో టాటా సెల్యులార్, జేటీ మొబైల్స్ లైసెన్సులు తెచ్చుకున్నాయి. మొదటిది తర్వాత ఐడియాలో, రెండోది ఎయిర్‌టెల్‌లో కలిసిపోయాయి. కానీ ఆ టవర్లు నగరాల కోసం వేసినవి. ఊరు దాటితే ఫోను జేబులో బరువు తప్ప ఎందుకూ కొరగాదు. కాబట్టి ఆ అయిదారేళ్లనూ రోడ్డు చరిత్రలో పెద్దగా లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.

అసలు మార్పు 2002, 2003లలో వచ్చింది. 2002 అక్టోబరులో బీఎస్ఎన్ఎల్ మొబైల్ సేవ మొదలుపెట్టింది. ప్రైవేటు కంపెనీలు లాభం లెక్కచూసి వదిలేసిన ఊళ్లలోనూ ప్రభుత్వ ఎక్స్ఛేంజీ ఉండేది కాబట్టి దాని పక్కనే టవరు లేచింది. ‘అక్కడ బీఎస్ఎన్ఎల్ ఒక్కటే వస్తుంది’ అనే మాట ఆ రోజుల్లోనే పుట్టింది. కొన్ని అడవి దారుల్లో అది నేటికీ నిజమే. 2003 జులైలో రిలయన్స్ 501 రూపాయలకే ఫోను చేతిలో పెట్టింది. జనం ఎగబడ్డారు. అయితే దాని లైసెన్సు సొంత ఏరియాలో తిరగడానికి మాత్రమే ఇచ్చిన పరిమిత మొబైల్ లైసెన్సు. ఆ చిక్కు 2003 నవంబరులో ఏకీకృత లైసెన్సు వచ్చాకే తీరింది. పైగా ఆ సీడీఎంఏ సెట్లలో సిమ్ము ఉండేది కాదు, నంబరు సెట్టుకే అతుక్కుని ఉండేది. ఎక్కడో రాయ్‌పూర్ దగ్గర సెట్టు పాడైతే నంబరూ దానితోనే మూలపడేది. ఇంట్లో ఉండేవాళ్లకు అది చవక బేరం. దూరాలు తిరిగేవాళ్లకు మాత్రం అది తగిన ఫోను కాదు.

2003 మే 1 నుంచి ఇన్‌కమింగ్ ఉచితమైంది. మొబైల్ విప్లవం గురించి రాసే ప్రతివారూ ఆ తేదీని ఘనంగా చెబుతారు. చెప్పాల్సిందే. కానీ ఆ ఉచితం సొంత సర్కిల్ సరిహద్దు దగ్గర ఆగిపోయింది. ఇచ్ఛాపురం దాటి ఒడిశాలో అడుగుపెట్టినా, తడ దాటి తమిళనాడులోకి పోయినా, కొడికొండ దాటి కర్ణాటక చేరినా రోమింగే. వచ్చిన ప్రతి కాల్‌కూ డబ్బు పడేది. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2007లో రోమింగ్ ఇన్‌కమింగ్‌కు నిమిషానికి రూపాయి 75 పైసల గరిష్ఠ పరిమితి పెట్టింది. 2013లో దాన్ని 75 పైసలకు, 2015లో 45 పైసలకు తగ్గించింది. 2015 జూన్ 15న బీఎస్ఎన్ఎల్ రోమింగ్‌లో ఇన్‌కమింగ్‌ను ఉచితం చేసింది. మరుసటి ఏడాది సెప్టెంబరు 5న జియో వచ్చి రోమింగ్ ఛార్జీ అనే మాటే లేకుండా చేశాక మిగతావాళ్లూ దిగొచ్చారు. అంటే ఇంటిపట్టున ఉన్నవాళ్లకు 2003లో దక్కింది, నిత్యం తిరిగే డ్రైవరుకు దక్కడానికి మరో పన్నెండు, పద్నాలుగేళ్లు పట్టింది. ఎవరికి ఫోను అందరికంటే ఎక్కువ అవసరమో వాళ్ల దగ్గరే ఎక్కువ డబ్బు వసూలు చేసిన కాలం అది. మన టెలికాం చరిత్రలో దీన్ని అన్యాయమనే అనాలి.

ఆ పన్నెండేళ్లలో రోడ్డు మీది జనం తమ దారి తాము వెతుక్కున్నారు. మిస్డ్ కాల్ ఇచ్చి పెట్టేయడం, ఏ రాష్ట్రంలో దిగితే అక్కడి సిమ్ము కొనుక్కోవడం, పర్సులో నాలుగైదు సిమ్ములు కాగితంలో చుట్టి పెట్టుకోవడం మామూలైంది. రెండు సిమ్ముల ఫోన్లకు మన దేశంలో అంత గిరాకీ రావడానికి ఇలాంటి అవసరాలే ముఖ్య కారణం. పెద్ద కంపెనీలు ఆ అవసరాన్ని పట్టించుకోకముందే చైనా సెట్లు, వాటి వెనకే మన దేశపు బ్రాండ్లు దాన్ని అందిపుచ్చుకున్నాయి. హైదరాబాద్‌లో 2009లో పుట్టిన సెల్‌కాన్ అలాంటిదే.

ఫోను ఎంపిక సంగతికొస్తే, నోకియా 1100ని తలవకుండా ముందుకు పోలేం. 2003లో వచ్చిన ఆ సెట్టులో టార్చిలైటు ఉండేది, దుమ్ము దూరని కీప్యాడ్ ఉండేది, చెమట చేతిలోంచి జారని పట్టు ఉండేది. ప్రపంచమంతా కలిపి 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. అర్ధరాత్రి పంక్చరైన టైరు విప్పేవాళ్లకు ఆ టార్చి విలువ ఎంతో చెప్పనక్కర్లేదు. 2008లో మైక్రోమాక్స్ ఎక్స్1ఐ వచ్చింది, నెల రోజుల స్టాండ్‌బై బ్యాటరీతో. బెంగాల్‌లో ఒక పల్లె పీసీఓ లారీ బ్యాటరీ మీద నడుస్తుండటం చూశాక ఆ ఆలోచన తట్టిందని ఆ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన రాహుల్ శర్మ చెప్పారు. కరెంటు లేని చోట ఫోను బతకాలన్న అవసరం నుంచి పుట్టిన సెట్టు అది. స్మార్ట్‌ఫోన్లు వచ్చిన కొత్తలో ఈ తెలివంతా వెనకబడింది. తెర పెద్దదైంది, బ్యాటరీ మధ్యాహ్నానికే చేతులెత్తేసింది. చాలామంది డ్రైవర్లు స్మార్ట్‌ఫోనుతోపాటు బటన్ ఫోను కూడా దగ్గర పెట్టుకున్నది అందుకే. 2015 ఆగస్టులో మన శ్రీసిటీలోనే షావోమీ ఫోన్లు తయారవడం మొదలైంది. ఆ తర్వాత చవక సెట్లలోనూ పెద్ద బ్యాటరీలు వచ్చాయి. 2020లో శాంసంగ్ ఎం51 ఏకంగా 7000 ఎంఏహెచ్ బ్యాటరీతో వచ్చింది. బటన్ ఫోనుతో పోయిన భరోసా కొంత తిరిగొచ్చింది.

కంపెనీల కథ దీనికి తలకిందులు. ఒక దశలో ఒక్కో సర్కిల్లో పది పన్నెండు కంపెనీలు పోటీపడ్డాయి. 2009లో టాటా డొకోమో సెకనుకు పైసా అంది. 2011 జనవరి 20 నుంచి నంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే వీలు దేశమంతా వచ్చింది. 2015 జులైలో సర్కిల్ మారినా నంబరు నిలుపుకునే వీలు కలిగింది. ఇవన్నీ వినియోగదారుల బలాన్ని పెంచిన మెట్లు. కానీ 2012లో సుప్రీంకోర్టు 122 లైసెన్సులు రద్దుచేయడం, 2016 తర్వాత ధరల యుద్ధం, అప్పులు కలిసి ఒక్కొక్కరినీ బయటకు నెట్టాయి. 2018లో ఎయిర్‌సెల్ కూలిపోయినప్పుడు సిగ్నల్ పోయి, పోర్టింగ్ కోడ్ కూడా రాక లక్షలమంది అల్లాడారు. సొంత ఊళ్లో ఉన్నవాళ్లు దుకాణానికి వెళ్లి కనుక్కోగలిగారు. పరాయి రాష్ట్రంలో ఉన్న డ్రైవరు నంబరు పోతే అతని కిరాయిలు కూడా పోయినట్టే, ఎందుకంటే బ్రోకర్లందరికీ తెలిసింది ఆ ఒక్క నంబరే. అదే ఏడాది ఆగస్టులో వొడాఫోన్, ఐడియా కలిసిపోయాయి. చివరకు మిగిలింది నాలుగు: జియో, ఎయిర్‌టెల్, వీఐ (వొడాఫోన్ ఐడియా), బీఎస్ఎన్ఎల్.

సరిగ్గా ఆ సమయానికే ఫోను మాట్లాడే పరికరం స్థాయి దాటిపోయింది. 2017 జులైలో జీఎస్టీ వచ్చింది, 2018 ఏప్రిల్లో ఈ-వే బిల్లు వచ్చింది, 2021 ఫిబ్రవరిలో ఫాస్టాగ్ తప్పనిసరైంది. ఆర్‌సీ, లైసెన్సు డిజీలాకర్‌లో చూపించవచ్చు. డీజిల్ డబ్బు యూపీఐలో వస్తుంది. ఓటీపీ రాకపోతే లోడు దిగదు. ఒకప్పుడు ఫోను పాడైతే కబుర్లు ఆగేవి, ఇప్పుడు బండే ఆగుతుంది. అందుకే ఇది సరదా కొనుగోలు కాదు, మంచి టైరు ఎంచుకున్నంత శ్రద్ధ పెట్టాల్సిన విషయం.

ఈ చరిత్ర చూశాక నా అభిప్రాయం సూటిగా చెబుతాను. మీ ఊళ్లో ఏ నెట్‌వర్క్ వేగంగా ఉందో చూసి సిమ్ము ఎంచుకోవద్దు. మీరు తరచూ తిరిగే దారిలో అన్నిటికంటే అధ్వాన్నమైన ముక్క ఏదో చూడండి, అక్కడ ఏది పలుకుతుందో అదే మీ మొదటి సిమ్ము. హైదరాబాద్ నుంచి శ్రీశైలం వెళ్లేవాళ్లకు మన్ననూరు దాటాక నల్లమలలో ఏది వస్తుందన్నదే లెక్క. మారేడుమిల్లి నుంచి చింతూరు వెళ్లేవాళ్లకు ఆ ఘాట్ రోడ్డే లెక్క. ఏ దారిలో ఏది వస్తుందో ఆ దారిన రోజూ నడిచే డ్రైవర్లే అందరికంటే బాగా చెప్పగలరు. రెండో సిమ్ము మరో కంపెనీది ఉండాలి. ఒకే కంపెనీవి రెండు పెట్టుకుంటే ఏ ప్రయోజనమూ లేదు. రెండోదానికి డేటా రీచార్జి భారం అనుకుంటే, 2024 డిసెంబరులో ట్రాయ్ ఆదేశించాక కంపెనీలు తెచ్చిన, కాల్స్, ఎస్ఎంఎస్‌లు మాత్రమే ఉండే ప్యాకులు చాలు. జమ్మూకశ్మీర్ వైపు, అంటే 44వ నంబరు హైవే చివరిదాకా వెళ్లేవాళ్లు ఒక సిమ్ము పోస్ట్‌పెయిడ్‌లో ఉంచుకోవాలి. బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు అక్కడ పనిచేయవు.

ఫోను కొనేటప్పుడు కెమెరా సంగతి తర్వాత చూడొచ్చు. తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు దూరం ప్రయాణిస్తాయి కాబట్టి ఊళ్లు పలచగా ఉన్న చోట 700, 850, 900 మెగాహెర్ట్జ్ బ్యాండ్లే దిక్కు. జియో 5జీ, బీఎస్ఎన్ఎల్ 4జీ రెండూ 700ను వాడుకుంటున్నాయి. దాని బ్యాండు నంబరు 28. తన 4జీ, 5జీ బ్యాండ్ల జాబితాల్లో ఏ ఒక్కదానిలోనైనా ఆ నంబరు లేని సెట్టు ఎంత ఖరీదైనదైనా అడవిలో వెనకబడుతుంది. బ్యాటరీ 6000కు తగ్గకుండా ఉంటే మంచిది. ఏ చిన్న ఊళ్లోనైనా డిస్‌ప్లే దొరికే మోడల్ కొనండి, కొత్తగా వచ్చిన అరుదైన బ్రాండుతో పరాయి ఊళ్లో ఇబ్బంది పడొద్దు. ఈ-సిమ్ కంటే మామూలు సిమ్మే రోడ్డు మీద నమ్మకం. సెట్టు పగిలితే తీసి మరో సెట్టులో వేసుకుంటే పని నడుస్తుంది. రెంటచింతల, రామగుండం ఎండల్లో డ్యాష్‌బోర్డు మీద అద్దం వెనక ఫోను పెట్టి ఛార్జింగ్ చేయకండి, వేడికి బ్యాటరీ దెబ్బతింటుంది. దారి మ్యాపు బయల్దేరే ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. సెట్టు ఐఎంఈఐ నంబరు ఇంట్లో రాసిపెట్టండి. పోతే ప్రభుత్వ పోర్టల్ సంచార్ సాథీలో బ్లాక్ చేయించడానికి అదే ఆధారం.

ఒక పని మాత్రం మన చేతుల్లో లేదు, మన కంపెనీ టవరు లేని చోట సిగ్నల్ తెప్పించడం. ప్రభుత్వ నిధితో కట్టిన టవరు ఏ కంపెనీ నడుపుతున్నా, మిగతా కంపెనీల వినియోగదారులకూ అక్కడ 4జీ అందే ఏర్పాటును కేంద్రం 2025 జనవరిలో మొదలుపెట్టింది. ఇది సరైన అడుగు. మన సిమ్ముకు సిగ్నల్ లేని చోట మరో కంపెనీ టవరు ద్వారా అత్యవసర కాల్ వెళ్లే పద్ధతి మొబైల్ ప్రమాణాల్లోనే ఉంది కాబట్టి సాంకేతికంగా ఇది అసాధ్యమేమీ కాదు. ఇంటి మనిషి క్షేమం అడిగే కాల్‌కు కూడా ఆ వీలు ఉండాలి. జాతీయ రహదారుల మీది ప్రతి ఘాట్ రోడ్డులో, ప్రతి అడవి దారిలో, టవరు ఎవరు కట్టినా సరే, ఏ సిమ్మైనా పలికేలా నిబంధన తేవాలని టెలికాం శాఖను, ట్రాయ్‌ను లారీ యజమానుల సంఘాలు, డ్రైవర్ల యూనియన్లు గట్టిగా అడగాలి. రోమింగ్ ఛార్జీల విషయంలో పన్నెండేళ్లు ఎదురుచూశారు. ఈసారి అంతకాలం ఆగకండి.