సంకల్పం

తలరాత, నుదుటిరాత, ప్రాప్తం... బతుకు ముందే రాసి ఉందనే మాటలు తెలుగులో చాలానే ఉన్నాయి. వాటి సరసన ‘సంకల్పం’ వేరే దారి మాట. దాని మూలమైన సంస్కృత ధాతువు ‘క్లృప్’కు సమర్థమవడం, అమరడం, రూపొందడం అని అర్థాలు. కల్పన, వికల్పం కూడా అందులోంచే వచ్చాయి. ‘సమ్’ చేరితే, మనసును ఒక్కచోట కూర్చి ‘ఇది చేస్తాను’ అని నిశ్చయించుకోవడం.

పూజలో ఆచమనం, ప్రాణాయామం అయ్యాక చెప్పే సంకల్పాన్ని ఒకసారి శ్రద్ధగా వినండి. శ్వేతవరాహకల్పం, మన్వంతరం, యుగం, శ్రీశైలానికి మనం ఏ దిక్కున ఉన్నామో, సంవత్సరం, అయనం, ఋతువు, మాసం, తిథి అన్నీ దాటి గోత్రం, పేరు దగ్గరకు వస్తుంది. అమెరికాలో పురోహితులు చోటు పేరును క్రౌంచద్వీపం అని మార్చి చెబుతారు. ఆ కాలం, ఆ చోటు, ఆ గోత్రం మనం ఎంచుకున్నవి కావు. చివరి క్రియ ‘కరిష్యే’ మాత్రం మనది. ‘నేను చేస్తాను’ అని. వ్యాకరణంలో అది ఆత్మనేపదం, ఫలం చేసేవాడికే చెందుతుందని సూచించే రూపం. మొత్తం సంకల్పంలో నాకు అన్నిటికన్నా విలువైనది ఆ ఒక్క క్రియే.

కోరికను బట్టి నిశ్చయం, నిశ్చయాన్ని బట్టి కర్మ, కర్మను బట్టి మనిషి పొందేది అని బృహదారణ్యక ఉపనిషత్తు వరస చెప్పింది. శుక్లయజుర్వేదం 34వ అధ్యాయం మొదట్లోని శివసంకల్ప మంత్రాలు 6. ప్రతిదీ నా మనసుకు మంచి సంకల్పం కలగాలనే వేడుకోలుతో ముగుస్తుంది.

వాడుకలో మాత్రం ‘అంతా దైవసంకల్పం’ అంటూ జరిగిపోయినదానికే ఈ మాటను తగిలిస్తుంటాం. దుఃఖంలో అది ఊరటే. ఏ దారి పట్టాలో తోచని పిల్లలకు మాత్రం ముందు ‘కరిష్యే’ అర్థం చెప్పండి.