బాణీ బాపుది, చరణం బిడ్డది: బోధన్ చెరకు ప్రాంతంలో ధూం ధాం శ్రోతలు

కీలకపదాలు: ధూం ధాం, బోధన్, నిజాం షుగర్స్, చిందు భాగోతం, శ్రోత, మౌఖిక చరిత్ర

ప్రవేశిక

తెలంగాణ ఉద్యమ పాటపై విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో జరిగిన పరిశోధన తక్కువేమీ కాదు. కవి ఎవరు, బాణీ ఏ జానపద రూపం నుంచి వచ్చింది, వస్తువు ఏమిటి, మాండలిక ప్రయోగం ఎలా ఉంది అన్న ప్రశ్నలకు సిద్ధాంతగ్రంథాలు ఓపికగా సమాధానాలు చెప్పాయి. పాట విన్నవారి విషయానికి వచ్చేసరికి మాత్రం 'అశేష జనవాహిని' వంటి పత్రికా పదబంధాలతో సరిపెట్టుకున్నాం. ఆ జనం మైదానానికి ఎవరి వెంట వచ్చారు, ఎవరి పక్కన కూర్చున్నారు, ఇంటికి వెళ్లి ఏం పాడుకున్నారు అన్నది మనం అడగలేదు.

బోధన్ చుట్టుపక్కల చెరకు పండించే ఊళ్ల నుంచి ధూం ధాంకు వచ్చినవారిలో తండ్రీబిడ్డలు, తల్లీకొడుకులు గణనీయంగా ఉండేవారు. ఈ వ్యాసం ఆ జంట శ్రోతల గురించి. దీనికి నేను వాడిన ఆకరాల్లో నా సొంత జ్ఞాపకం ఒకటి. స్వీయజ్ఞాపకాన్ని ఆకరంగా స్వీకరించడంలోని ప్రమాదం తెలియనిది కాదు. అయితే వేదిక కింద కూర్చున్నవారి గురించి రాతలో మిగిలింది చాలా కొద్ది.

నీళ్లు, చెరకు, చిందు రాత్రులు

మంజీరపై నిజాంసాగర్ ప్రాజెక్టు 1931లో పూర్తయింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. బోధన్ పక్కనే శక్కర్‌నగర్ వెలిసింది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్ద చక్కెర కర్మాగారమని దానికి పేరు. కాలువ కింది భూములకు కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతుల ఊళ్లను నేటికీ 'క్యాంపు'లనే పిలుస్తారు. పట్టణంలో ఉర్దూ, నాందేడ్ సరిహద్దు వైపు మరాఠీ, ఊళ్లలో తెలంగాణ తెలుగు, క్యాంపుల్లో కోస్తా తెలుగు వినిపించే ప్రాంతమిది.

ఇక్కడి ఊళ్లలో పిల్లాపెద్దలను రాత్రంతా ఒకచోట కూర్చోబెట్టగలిగిన కళల్లో చిందు భాగోతం ముఖ్యమైనది. బోధన్ సమీపంలోని అమ్దాపూర్‌కు చెందిన చిందుల ఎల్లమ్మ (మరణం 2005) ఈ కళకు రాష్ట్రవ్యాప్త గుర్తింపు తెచ్చారు. చిందు మేళాల్లో తల్లిదండ్రుల వెంట వేషం కట్టి ఆట నేర్చుకునే పిల్లల గురించి పరిశోధకులు వివరంగానే రాశారు. వేదికపై వారసత్వాన్ని ఇంత శ్రద్ధగా నమోదు చేసినవారు వేదిక కింది వారసత్వాన్ని మాత్రం విడిచిపెట్టారు. గొంగడి మీద నిద్రపోయిన పిల్లవాడిని, ఫలానా వేషం వస్తోందని తండ్రి తట్టి లేపడం కూడా ఒక రకమైన శిక్షణే. ఏ ఘట్టం చూడదగినదో, దేనికి నిద్రపోవచ్చో ఆ పిల్లవాడికి అలాగే తెలుస్తుంది.

2002

తొలి తెలంగాణ ధూం ధాం 2002లో కామారెడ్డిలో జరిగింది. అప్పటికి కామారెడ్డి నిజామాబాద్ జిల్లాలో భాగం. అదే సంవత్సరం చక్కెర ఫ్యాక్టరీలో 51 శాతం వాటా ప్రైవేటు సంస్థ చేతికి వెళ్లి, నిజాం దక్కన్ షుగర్స్ ఏర్పడింది. ఈ రెండింటి మధ్య కార్యకారణ సంబంధం ఉందని నేను అనను. కానీ తరువాతి ఏళ్లలో ఈ ప్రాంతంలో జరిగిన సభల్లో ఫ్యాక్టరీ ప్రస్తావన లేని సాయంత్రం నాకు గుర్తులేదు.

నేను మొదటిసారి ధూం ధాంకు వెళ్లింది ఎనిమిదో తరగతిలో. మా బాపు కాలువ కింద చెరకు వేసే చిన్న రైతు. తమ్ముణ్ని భుజాల మీద ఎక్కించుకుని, నన్ను చేయి పట్టుకుని నడిపించాడు. సినిమాకు రెండో ఆటకు ఎన్నడూ పంపని మనిషి, రాత్రి పదకొండు దాకా మైదానంలో నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదు. నాతో చదివిన ఆడపిల్లల్లో పలువురు రాత్రిపూట ఇల్లు దాటి చూసిన మొదటి ప్రదర్శన ధూం ధామే. అది ఉద్యమం కాబట్టి మర్యాదకు లోటు లేదని తండ్రులు భావించి ఉంటారు. ధూం ధాంలో స్త్రీల భాగస్వామ్యమంటే గాయనులనే లెక్కిస్తూ వచ్చాం. కింద కూర్చున్న ఆడపిల్లల లెక్క కూడా తీయవలసి ఉంది.

మైదానం అంచున పాటల పుస్తకాలు అమ్మేవారు. బాపు అక్షరాలు కూడబలుక్కుని చదివేవాడు. అందువల్ల పుస్తకం కొనడం ఆయన వంతు, చదవడం నా వంతు. బాణీ ఒక్కసారి వింటే ఆయనకు పట్టుబడేది. చరణాలు మాత్రం నేను చెప్పాలి. చెరకు నరికే రోజుల్లో గట్టు మీద కూర్చుని నేను ఒక్కో పాదం అందిస్తుంటే ఆయన పాడేవాడు. కొద్ది రోజులకే ఆ పాదాలు మారిపోయేవి. అచ్చులో ఎక్కడిదో ఒక ఊరి పేరున్నచోట ఆయన పాటలోకి శక్కర్‌నగర్ వచ్చి చేరేది. అచ్చులో లేదని నేను దిద్దబోతే, "అచ్చేసినోనికి మన ఊరు ఎరుకనా బిడ్డా?" అనేవాడు. పాఠాంతరమన్న మాట నేను విన్నది చాలా ఏళ్ల తరువాత ఎం.ఏ. తరగతిలో. శ్రోత పాటను తన ఊరికి తెచ్చుకునే ఈ పద్ధతిని జానపద సాహిత్య పరిశోధకులు ఎరుగుదురు. ఆ మార్పు తండ్రికీ బిడ్డకూ మధ్య వాదులాటగా జరుగుతుందన్న సంగతి మాత్రం గ్రంథాల్లో నాకు కనిపించలేదు.

ఒక పరిమితి చెప్పి తీరాలి. ఈ అనుభవం ఈ ప్రాంతంలో అందరిదీ కాదు. మా తరగతిలో క్యాంపు నుంచి వచ్చే స్నేహితురాలికి ఆ బాణీలన్నీ వచ్చు. ఆమె వాటిని ఇంటి డాబా మీద నుంచి విన్నది. ఆమె తండ్రి ఆమెను ఏ సభకూ తీసుకురాలేదు. తమను పరాయివారుగా చెప్పే పాట వినిపించే చోటికి పిల్లను ఎలా తేవాలో ఆయనకు తోచి ఉండదు. 'ప్రజల పాట' అని రాసేటప్పుడు ఆ డాబా నాకు గుర్తొస్తుంది.

కుర్చీ సంఖ్య

2014లో రాష్ట్రం ఏర్పడింది. కళాకారుల్లో కొందరు సాంస్కృతిక సారథిలో ఉద్యోగులయ్యారు. 2015 డిసెంబరులో బోధన్‌తో పాటు మెట్‌పల్లి, మెదక్ యూనిట్లకూ లే-ఆఫ్ ప్రకటించారు. మా పొలంలో చెరకు పోయి వరి వచ్చింది. ఫ్యాక్టరీ తెరిపిస్తామన్న మాట ఎన్నికల సభల్లో వినిపిస్తూనే ఉండేది. బాపు మాత్రం పాట ఉన్న సభలకు కూడా వెళ్లడం మానేశాడు. కారణం అడిగితే మోకాళ్ల నొప్పులన్నాడు.

2023 ఫిబ్రవరిలో గచ్చిబౌలి స్టేడియంలో ఇళయరాజా కచేరీ జరిగింది. టికెట్లు నేను కొన్నాను. ఎనభైల సినిమా పాటలు బాపుకు రేడియోతోనే వచ్చు. మైదానంలో ఎక్కడ కూర్చోవాలో ఒకప్పుడు ఆయన నిర్ణయించేవాడు. దప్పుకు మరీ దగ్గరైతే చెవులు పోతాయని, మరీ దూరమైతే మాట అందదని లెక్క చూసేవాడు. ఇక్కడ మా చోటు ఫోన్‌లో ముందే ఖాయమై ఉంది. కాసేపు చుట్టూ చూసి, "పోరగాండ్లు కనవడ్తలేరేంది బిడ్డా?" అని అడిగాడు. పిల్లలు లేకపోలేదు. భుజాల మీద ఎవరూ లేరు, అంతే.

మూడో పాటకో నాలుగో పాటకో ఆయన గొంతు కలిపాడు. బాణీ సరిగ్గానే ఉంది. చరణం దగ్గర ఆగి, పాత అలవాటుగా నా వైపు తిరిగాడు. ఆ చరణం నాకూ రాదు. ఫోన్‌లో వెతికేలోగా పాట అయిపోయింది.