నెలలు నిండని శిశువుల్లో పీడీఏ: చికిత్స చరిత్ర

కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తులకు పని ఉండదు. గుండె కుడివైపు నుంచి పుపుస ధమనిలోకి వచ్చిన రక్తం చాలావరకు ఒక చిన్న నాళం గుండా నేరుగా బృహద్ధమనిలోకి వెళ్లిపోతుంది. నెలలు నిండి పుట్టినవారిలో ఈ నాళం రెండు మూడు రోజుల్లో మూసుకుంటుంది. 28 వారాల లోపే పుట్టినవారిలో తరచు తెరిచే ఉండిపోతుంది. డాక్టర్లు పీడీఏ అనేది దీన్నే. ఇళ్లలో గుండెకు చిల్లు పడిందనుకుంటారు గానీ, గుండె గోడల్లో రంధ్రమేమీ ఉండదు. పుట్టాక ఒత్తిళ్లు తారుమారై బృహద్ధమని రక్తం వెనక్కి ఊపిరితిత్తుల్లోకి పారుతుంది. అవి చెమ్మెక్కి బిగుసుకుంటాయి. బిడ్డను వెంటిలేటర్ నుంచి తప్పించడం కష్టమవుతుంది.

ఈ నాళం సంగతి 2వ శతాబ్దంలోనే గాలెన్‌కు తెలుసు. 1900లో ఎడిన్‌బరో వైద్యుడు జార్జ్ గిబ్సన్, స్టెతస్కోపులో ఎడతెరిపి లేకుండా వినిపించే దాని రొదను వర్ణించాడు. 1938 ఆగస్టు 26న బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో రాబర్ట్ గ్రాస్, విభాగాధిపతి విలియం లాడ్ ఊళ్లో లేని సమయంలో, ఏడేళ్ల పాపకు ఈ నాళాన్ని దారంతో కట్టి విజయం సాధించాడు. అయితే ఆ పాప ఊపిరితిత్తులు అప్పటికే ఎదిగినవి. నెల తక్కువ బిడ్డ విషయం వేరు.

1963లో 1,417 గ్రాముల శిశువుకు ఈ ఆపరేషన్ చేసినట్లు వైద్య పత్రికలో వచ్చింది. 1967లో స్టాన్‌ఫోర్డ్‌కు చెందిన నార్త్‌వే బృందం, వెంటిలేటర్ మీద బతికి బయటపడిన శిశువుల ఊపిరితిత్తులు మచ్చలు పడి దెబ్బతిన్నట్లు ఎక్స్‌రేల్లో చూసి, ఆ జబ్బుకు బ్రాంకోపల్మనరీ డిస్‌ప్లేసియా అని పేరు పెట్టింది. నేటి వాడుకలో బీపీడీ. తెరిచిన నాళం వల్లే వెంటిలేటర్ రోజులు పెరిగి బీపీడీ వస్తోందన్న అనుమానం బలపడింది. నాళం కట్టాక ఊపిరితిత్తుల బిగువు సడలుతోందని 1978లోనూ 1980లోనూ కొలిచి చూపారు. అంతటితో తీర్పు చెప్పేసినట్టే నడిచింది వైద్యలోకం.

ఇంతలో మందు దొరికింది. నాళాన్ని తెరిచి ఉంచేది ప్రోస్టాగ్లాండిన్ అని టొరంటోలో కోచియానీ, ఓలీ గొర్రెపిల్లల నాళాల మీద చూపించారు. దాన్ని అడ్డుకునే ఇండోమెథసిన్‌తో నాళం మూసుకుంటుందని 1976లో శాన్‌డియాగో, శాన్‌ఫ్రాన్సిస్కో బృందాలు ఒకే పత్రికలో ప్రకటించాయి. తరవాత ఐబుప్రొఫెన్ వచ్చింది. 2011లో జెరూసలెం వైద్యులు, వేరే కారణానికి ఇచ్చిన పారాసిటమాల్‌తో నాళం మూసుకోవడం గమనించి ఆ దారీ తెరిచారు.

మందుకు లొంగకపోతే ఆపరేషనే. బిడ్డను థియేటర్‌కు కదిలించడమే ప్రమాదమని చాలాచోట్ల నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ విభాగం (ఎన్‌ఐసీయూ)లో, పడుకున్న వార్మర్ మీదే చేస్తారు. ఎడమ చంక కింద, పక్కటెముకల మధ్య నుంచి వెళ్లి నాళానికి క్లిప్ వేస్తారు. నాళం ఒక్కోసారి బృహద్ధమనంత లావుంటుంది, పొరబడితే ప్రాణం మీదికొస్తుంది. స్వరపేటికకు వెళ్లే ఎడమ నాడి సరిగ్గా ఆ నాళం పక్కనుంచే మెలిక తిరుగుతుంది. అది దెబ్బతింటే ఏడుపు బొంగురుపోతుంది, పాలు ఊపిరి గొట్టంలోకి జారతాయి. పైగా, క్లిప్ వేసిన 6 నుంచి 12 గంటల్లో కొందరికి బీపీ పడిపోయి, ఊపిరి మెరుగవడానికి బదులు దిగజారుతుంది.

అసలు ప్రశ్న మాత్రం అలాగే ఉండిపోయింది: నాళం మూస్తే బీపీడీ తగ్గుతుందా? 1989లో 84 మంది శిశువుల మీద జరిగిన పరీక్షలో పుట్టిన వెంటనే నాళం కట్టినా బీపీడీ తగ్గలేదు. 2009లో అవే లెక్కలు మళ్లీ తీస్తే, కట్టిన పిల్లల్లోనే అది ఎక్కువని తేలింది. 2001లో 1,202 మందిపై జరిగిన ముందుజాగ్రత్త ఇండోమెథసిన్ పరీక్షలో, మందు తీసుకున్నవారిలో మెదడులో తీవ్ర రక్తస్రావం తగ్గింది, ఊపిరితిత్తులకు ఒరిగిందేమీ లేదు. 2023లో నెదర్లాండ్స్ వైద్యుల నేతృత్వంలో 273 మందిపై జరిగిన పరీక్షలో ఐబుప్రొఫెన్ ఇచ్చినవారిలో 50.9 శాతానికి, ఏమీ ఇవ్వకుండా కనిపెట్టి చూసినవారిలో 33.3 శాతానికి బీపీడీ వచ్చింది. మరుసటి ఏడాది బ్రిటన్‌లో 653 మంది మీద చూసినా తొలిరోజుల ఐబుప్రొఫెన్‌తో లాభం కనబడలేదు. నాళాన్ని దోషిగా నిలబెట్టడంలో అరవయ్యేళ్ల తొందరపాటు ఉందనే చెప్పాలి. చిత్రంగా, ఊపిరి మరవకుండా ఇచ్చే కెఫీన్ మాత్రం బీపీడీని తగ్గించిందని 2006లో తేలింది. అది తీసుకున్నవారిలో పీడీఏ చికిత్స అవసరమూ తగ్గింది.

2019 జనవరిలో అమెరికా ప్రభుత్వం 700 గ్రాముల శిశువుకూ తొడ రక్తనాళం గుండా అమర్చగల పికోలో పరికరానికి అనుమతి ఇచ్చాక, ఛాతీ కోయాల్సిన అవసరం తగ్గుతోంది. ఇప్పుడు చాలా ఎన్‌ఐసీయూలు తొందరపడవు. ద్రవాలు తగ్గించి, గుండె స్కాన్ (ఎకో) తీస్తూ ఆగుతాయి. పెద్ద నాళంతో వారాల తరబడి వెంటిలేటర్ దిగని బిడ్డకే నాళం మూయడం గురించి ఆలోచిస్తాయి. నాళం తెరిచి ఉండగానే ఇంటికి వెళ్లిన పిల్లల్లో చాలామందికి తొలి ఏడాదిలో అదే మూసుకుంటుంది. బీపీడీ ఉన్నవారికి ఇంట్లోనూ కొన్నాళ్లు ఆక్సిజన్ అవసరపడొచ్చు. మొదటి రెండేళ్లు జలుబు చేసినా ఆయాసంతో ఆసుపత్రికి పరుగెత్తాల్సి రావచ్చు.