భారం దించుకున్నవారిదే ఎడారి

ఎడారి ప్రయాణం అనగానే నేడు మొదట కనిపించేది సామగ్రి జాబితా. పైకప్పు మీద డబ్బాలు, అదనపు దీపాలు, గంటగంటకూ రాసిపెట్టుకున్న కార్యక్రమం. మోటారు వాహనాలకు ఎడారిని పరిచయం చేసిన తరం వీటన్నిటికీ భిన్నమైన మార్గం ఎంచుకుంది.

రాల్ఫ్ బాగ్నోల్డ్ బ్రిటిష్ సైన్యంలో సిగ్నల్స్ అధికారి. 1920లలో కైరోలో ఉన్నప్పుడు సెలవు దొరికితే కొద్దిమంది మిత్రులతో కలిసి ఫోర్డ్ మోడల్ టి కార్లలో ఎడారిలోకి వెళ్లేవాడు. అవి ప్రభుత్వం పంపిన యాత్రలు కావు. ఖర్చు వారిదే, ఆనందమూ వారిదే. నీరు, పెట్రోలు మాత్రం చుక్క లెక్కన అంచనా వేసుకునేవారు. మిగిలినదంతా దారి చూసి నిర్ణయించుకునేవారు. మెత్తని ఇసుకలో టైర్ల గాలి తగ్గించడం, కూరుకుపోయిన చక్రాల కింద ఉక్కు పట్టీలు పరచడం, ఆవిరైపోయే రేడియేటర్ నీటిని డబ్బాలోకి పట్టి తిరిగి వాడుకోవడం, సూర్యుని నీడతో దిక్కు తెలుసుకోవడం: ఈ ఉపాయాలు అక్కడి అనుభవం నుంచే రూపుదిద్దుకున్నాయి.

ఆ సెలవుల వినోదమే 1940లో యుద్ధవిద్యగా మారింది. జనరల్ వేవెల్ అనుమతితో బాగ్నోల్డ్ లాంగ్ రేంజ్ డెజర్ట్ గ్రూప్‌ను స్థాపించాడు. ట్రక్కుల తలుపులు, అద్దాలు, పైకప్పులు తీసేశారు. తర్వాత నాలుగు చక్రాలకూ శక్తి అందే ఫోర్డ్ ట్రక్కులు వచ్చాయి. అవి బరువైనవి, ఇంధనం ఎక్కువగా తాగేవి. 1942లో వాటి స్థానంలో రెండు చక్రాలకే శక్తినిచ్చే షెవ్రొలే ట్రక్కులను తెచ్చుకున్నారు. 1941లో ఏర్పడిన ఇండియన్ లాంగ్ రేంజ్ స్క్వాడ్రన్‌లో భారత అశ్విక దళాలకు చెందిన సైనికులు చేరారు. లిబియా ఇసుకలో ఈ విద్యను వారూ అభ్యసించారు.

ఇదే పాఠం మూడు దశాబ్దాల తర్వాత థార్ ఎడారిలో రెండు రకాలుగా రుజువైంది. 1971 డిసెంబరు 4 రాత్రి పాకిస్తాన్ ట్యాంకులు లోంగేవాలా మీదికి వచ్చాయి. మేజర్ కుల్దీప్ సింగ్ చాంద్‌పురి నాయకత్వంలోని చిన్న దళం రాత్రంతా నిలిచింది. తెల్లవారాక జైసల్మేర్ నుంచి వచ్చిన హంటర్ విమానాలకు ఇసుకలో దిగబడిన ట్యాంకులు తేలిక లక్ష్యాలయ్యాయి. విమాన రక్షణ లేకపోవడం ఆ ఓటమికి పెద్ద కారణం. నేల స్వభావం లెక్కలోకి రాకపోవడం మరొకటి. అంతలోనే దక్షిణాన, లెఫ్టినెంట్ కల్నల్ సవాయి భవానీ సింగ్ నేతృత్వంలోని పారా కమాండోలు జీపుల్లో సరిహద్దు దాటి, సింధ్‌లో చాలా లోపలున్న ఛాఛ్రోపై దాడి చేశారు. నెలల తరబడి ఎడారిలోనే సాధన చేసిన దళం అది. ఆయనకు మహావీర్ చక్ర లభించింది.

ఈ రెండు ఘటనలూ చెప్పేది నిర్లక్ష్యాన్ని పొగడమని కాదు. ఎడారిని ఎరిగినవారికి తక్కువ సామాను చాలు. ఎరుగనివారు ఆ లోటును సామానుతో పూడ్చుకోజూస్తారు. వాహనం బరువెక్కేకొద్దీ ఇసుక దాన్ని మరింత లోపలికి లాగుతుంది. సరుకు పెరిగితే ఇంధనం పెరగాలి, ఇంధనం పెరిగితే మళ్లీ బరువు పెరుగుతుంది. ప్రణాళిక బిగుసుకున్నకొద్దీ మార్గం మార్చుకునే వెసులుబాటు తగ్గుతుంది. రాజ్యాలు ఎడారిలో చేసే యుద్ధానికీ, యాత్రికులు చేసే విహారానికీ ఈ లెక్క ఒక్కటే.

అయితే యుద్ధవిజయం కథలో అందరూ తేలికగా బయటపడలేదు. గెలిచిన సింధ్ భూభాగాన్ని 1972 సిమ్లా ఒప్పందం తర్వాత భారత్ తిరిగి ఇచ్చేసింది. థార్‌పార్కర్ నుంచి వచ్చిన వేల హిందూ కుటుంబాలు మాత్రం ఇటువైపే ఉండిపోయాయి. వారి బంధువులను చేరుకునే మార్గంగా 2006లో మునాబావ్ మీదుగా మొదలైన థార్ ఎక్స్‌ప్రెస్ 2019 ఆగస్టులో ఆగిపోయింది. నేడు జైసల్మేర్ నుంచి తనోట్ వరకు చక్కని రోడ్డు ఉంది, ఇసుకతిన్నెల మీద జీపు విహారాలు ఉన్నాయి. ఎడారిలో నడిచే విద్య అందరికీ అందుబాటులోకి వచ్చింది. అటుపక్క ఊరిలోని అన్నను చూసి రావడానికి మాత్రం చేతిసంచితో బయల్దేరినా దారి లేదు.