రైలు తెచ్చిన ఊరు యార్వెన్‌పా

హెల్సింకీకి ఉత్తరాన, దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో, తూసులా సరస్సు కొసన ఉంది యార్వెన్‌పా. సిబేలియస్ ఉన్న ఊరుగా దానికి పేరు. కానీ ఆ స్వరకర్త కన్నా ముందు అక్కడికి రైలొచ్చింది. 1862లో హెల్సింకీ నుంచి హామెన్‌లిన్నాకు వేసిన ఫిన్లాండ్ తొలి రైలుమార్గంలో ఈ ఊరికీ ఒక స్టేషను దక్కింది. ఊరి తర్వాతి చరిత్ర సగం అందులోనే ఉందని నా నమ్మకం.

ఫిన్లాండ్ అప్పటికింకా రష్యా జారు ఏలుబడిలో ఉంది. మన భాష, మన కళ అన్న పట్టుదల బలపడుతున్న కాలం. ఆ తరం కళాకారులకు అడవీ నీళ్లూ కావాలి, కచేరీలు, ప్రచురణకర్తలు ఉన్న రాజధానీ అందుబాటులో ఉండాలి. రైలు రెండూ కుదిర్చింది. 1897లో రచయిత యుహాని అహో, చిత్రకారిణి అయిన ఆయన భార్య వెన్ని వచ్చారు. వెనకే చిత్రకారులు ఏరో యార్నెఫెల్ట్, పెక్కా హలోనెన్ సరస్సు ఒడ్డున ఇళ్లు కట్టుకున్నారు. 1904లో యార్నెఫెల్ట్ బావ సిబేలియస్ కుటుంబంతో దిగాడు. నగరంలోని తాగుడు సావాసాలకు ఆయన దూరమైతే చాలని భార్య ఐనో ఆరాటం.

ఆమె పేరే పెట్టుకున్న ఐనోలా, లార్స్ సోంక్ గీసిన దుంగల ఇల్లు. భోజనాల గదిలో సిబేలియస్ కోరి కట్టించుకున్న ఆకుపచ్చ ఫైర్‌ప్లేస్ ఇప్పటికీ ఉంది. రంగులు స్వరాలుగా వినిపించే ఆయనకు ఆ పచ్చదనం ఎఫ్ మేజర్. పైపుల చప్పుడు పనికి అడ్డమని, ఆయన బతికినన్నాళ్లూ ఇంట్లోకి కొళాయి రానివ్వలేదు. నీళ్లు బయటి నుంచి మోసుకురావలసిందే. ఐనో కూరగాయలు పండించింది, కూతుళ్లకు తనే చదువు చెప్పింది. మూడో సింఫనీ నుంచి ఏడో సింఫనీ దాకా ఆ ఇంట్లో పుట్టిన సంగీతం గురించి చెప్పేటప్పుడు ఆ చాకిరీని కూడా చెప్పాలి. 1940ల్లో సిబేలియస్ తన రాతప్రతులు కొన్నిటిని ఆ ఇంట్లోనే కాల్చేశాడు. ఎనిమిదో సింఫనీ వాటితోనే పోయిందంటారు. 1957లో ఆయన్ను, 1969లో ఐనోను ఆ తోటలోనే ఖననం చేశారు. 1974 నుంచి ఇల్లు మ్యూజియంగా ఉంది.

1951లో యార్వెన్‌పా తూసులా మునిసిపాలిటీ నుంచి విడిపోయింది. 1967లో నగరమైంది. ఇప్పుడు జనాభా 40,000 దాటింది. చాలామంది పొద్దున్నే హెల్సింకీ రైలెక్కి సాయంత్రానికి తిరిగొస్తారు. ఐనోలా పేరుతోనే ఇంకో స్టేషనుంది. వేసవిలో సరస్సులో ఈతలు, 1978లో మొదలైన బ్లూస్ సంగీతోత్సవం. గడ్డకట్టే చలికాలంలో స్కీయింగ్.

వచ్చినవాళ్లు ఐనోలా ఒక్కటే చూసి వెళ్లిపోతే నాకు వెలితిగా అనిపిస్తుంది. సరస్సు వెంటే సాగే రాంతాతియె రోడ్డు మీద సైకిలేసుకుని అహో ఇంటికీ, అక్కణ్నుంచి హలోనెన్ చిత్రశాలకూ వెళ్లాలి. ఇరుగుపొరుగున బతికిన ఆ కళాకారులను ఇరుగుపొరుగుగానే చూడాలి.