తగ్గిన అధికారం ఎవరి చేతికి పోతుంది?

రెడ్‌మండ్ పట్టణం అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో ఉంది. రాజధాని వాషింగ్టన్ వేరు, ఈ రాష్ట్రం వేరు. రెండింటికీ నడుమ దాదాపు ఖండమంత దూరం. 1986లో మైక్రోసాఫ్ట్ కంపెనీ అక్కడికి మారిన తరువాత ఆ ఊరి పేరు లోకమంతా తెలిసింది. ఆ కంపెనీకి 2014లో అధిపతి అయిన సత్య నాదెళ్ల హైదరాబాదులో పుట్టినవారు. తెలుగు కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. వారు విమానంలో వెళ్లారు, మన పూర్వులు మద్రాసు రేవులో ఓడ ఎక్కి నేటాలుకు వచ్చారు. వారిది చదువు, మనవారిది రెక్కల కష్టం. అయినా ఒక పోలిక ఉంది. తాము ఓటు వేయని ప్రభుత్వం ఇచ్చిన కాగితం మీదనే వారిలో చాలామంది బతుకు నడుస్తున్నది. మన తాతల బతుకూ అలాగే నడిచింది.

అమెరికాలో ఫెడరల్ ప్రభుత్వం, అంటే కేంద్ర ప్రభుత్వం, మితిమీరి పెరిగింది, దాన్ని తగ్గించాలి అనే వాదం పాతది. కేంద్రానికి ఇవ్వని అధికారాలు రాష్ట్రాలకూ ప్రజలకూ మిగులుతాయని 1791 నాటి పదవ సవరణ చెబుతుంది. 1981లో అధ్యక్షుడైన రేగన్ ఈ వాదాన్నే గట్టిగా వినిపించాడు. రెడ్‌మండ్‌కు ఇది ఒట్టి పుస్తకాల చర్చ కాదు. 2000 జూన్‌లో ఒక ఫెడరల్ న్యాయమూర్తి మైక్రోసాఫ్ట్‌ను రెండుగా చీల్చమన్నాడు. మరుసటి ఏడు పై కోర్టు ఆ ఆజ్ఞను కొట్టివేసింది.

ఈ వాదం విన్నప్పుడు నేటాలు తెలుగువారమైన మనకు తోచే ప్రశ్న వేరు. తగ్గిన అధికారం ఎక్కడికి పోతుంది?

1893లో నేటాలుకు స్వపరిపాలన వచ్చింది. లండన్ తన చెయ్యి చాలావరకు వెనక్కి తీసుకున్నది. ఆ చెయ్యి వదిలిన అధికారం మనకు రాలేదు, తోటల యజమానులకూ తెల్ల వర్తకులకూ పోయింది. రెండేళ్లకే, 1895లో, ఒప్పందం తీరినా ఇండియాకు తిరిగిపోని, మళ్లీ ఒప్పందం రాయని కూలీకి ఏటా మూడు పౌనుల పన్ను పెట్టారు. నేటాలువారు మొదట అడిగింది ఇరవై అయిదు పౌన్లు. వైస్రాయి ఎల్గిన్ మూడుకు ఒప్పుకున్నాడు. మొదటి ఏడు కూలీకి నెలకు పది షిల్లింగులు. మూడు పౌన్లంటే అరవై షిల్లింగులు, ఆరు నెలల జీతం. ఈ లెక్క బడిలో చేయిస్తే పిల్లలు జవాబు తప్పనుకొని మళ్లీ చేస్తారు! 1896లో ఓటుకు కూడా తలుపు మూశారు. లండన్ తలచుకుంటే ఆపగలిగేది, ఆపలేదు.

ఇక్కడ మరొకటి గమనించాలి. ఆనాటి ప్రభుత్వం పెద్దదేమీ కాదు. డర్బన్‌లో ఒక ప్రొటెక్టరు కార్యాలయం, ఊళ్లలో మేజిస్ట్రేట్లు, కొద్దిమంది పోలీసులు. అయినా చీటీ లేకుండా తోట దాటితే నేరమే. ఫిర్యాదు చెప్పుకోవడానికి బయలుదేరినవారిని కూడా పారిపోయినవారుగా లెక్కగట్టి శిక్షించిన సందర్భాలున్నాయి. నేటాలుకు కూలీలను పంపడం 1911లో ఆగింది; ఆపింది దూరాన ఉన్న ఇండియా ప్రభుత్వమే, అదీ 1910లో గోఖలే తీర్మానం పెట్టిన తరువాత. పన్ను పోయింది 1914లో, మనవాళ్లు 1913లో సమ్మె కట్టిన తరువాత.

వాషింగ్టన్ రాష్ట్రంలోనూ ఈ కథ రెండు వైపులా నడిచింది. 1907 సెప్టెంబరు 4న రెడ్‌మండ్‌కు ఉత్తరాన ఉన్న బెల్లింగ్‌హామ్‌లో కలప మిల్లుల్లో పనిచేసే పంజాబీలను మూకలు ఊరినుంచి తరిమివేశాయి. ఊరి పోలీసులు వారిని కాపాడలేదు. 1921లో రాష్ట్రం చేసిన చట్టం పౌరసత్వానికి అర్హతలేని ఆసియావారికి భూమి దక్కకుండా చేసింది. కేంద్రం మాత్రం మంచిదా? భారతీయులకు పౌరసత్వం చెల్లదని 1923లో చెప్పింది సుప్రీంకోర్టే. 1942లో రూజ్వెల్టు ఆజ్ఞ మీద, రెడ్‌మండ్ పొరుగున బెల్‌వ్యూలో స్ట్రాబెరీ పండించే జపనీయ కుటుంబాలను నిర్బంధ శిబిరాలకు తరలించారు. మళ్లీ 1946లో పౌరసత్వానికి దారి, 1965లో వలసకు తలుపు తెరిచింది అదే కేంద్రం. కాబట్టి కేంద్రాన్ని అనుమానించేవారిని మనం ఊరికే తోసివేయలేము.

2025 జనవరిలో కొత్త అధ్యక్ష పాలన వస్తూనే ప్రభుత్వాన్ని కుదించడం మొదలుపెట్టింది. ఆ ఏడు ముగిసేసరికి ఫెడరల్ ఉద్యోగులు రెండు లక్షలకు పైగా తగ్గారు. మరి అధికారం తగ్గిందా? సెప్టెంబరు 19న ఒక్క సంతకంతో, విదేశాలనుంచి కొత్తగా తెచ్చుకొనే హెచ్-1బి ఉద్యోగికి కంపెనీ లక్ష డాలర్లు కట్టాలన్న ప్రకటన వెలువడింది. బయటి దేశాల్లో ఉన్న ఉద్యోగులను వెంటనే తిరిగి రమ్మని కంపెనీలు కబురు చేశాయి. ఆ నిబంధన పాతవారికి వర్తించదని మరునాడు గాని తేలలేదు. ఉద్యోగులు తగ్గిన ప్రభుత్వం ఇంత పని చేయగలదని మనకు కొత్తగా చెప్పనక్కరలేదు.

తల్లి తాత్కాలిక వీసా మీద ఉండి, తండ్రి పౌరుడూ స్థిరనివాసీ కాకపోతే, పుట్టిన బిడ్డకు పౌరసత్వం లేదని ఆ జనవరి 20నే ఇంకొక ఆజ్ఞ వచ్చింది. రెడ్‌మండ్‌లోని తెలుగు ఇళ్లను నేరుగా తాకేది ఇదే. దాన్ని ఎదిరించి కోర్టుకు వెళ్లినది వాషింగ్టన్ రాష్ట్రం, మరి మూడు రాష్ట్రాలతో కలిసి. ఒకనాడు ఆసియావారికి భూమి దక్కనివ్వని రాష్ట్రమే ఇది. 1868 నాటి పద్నాలుగవ సవరణను ఆధారం చేసుకొని, సియాటిల్‌లో ఫెడరల్ న్యాయమూర్తి కాఫెనౌర్ మూడు రోజుల్లో, జనవరి 23న, ఆ ఆజ్ఞను తాత్కాలికంగా నిలిపివేశాడు. వ్యాజ్యం అక్కడినుంచి పై కోర్టులకు వెళ్లింది.