కృతజ్ఞతాస్తుతి - ఆశానిగ్రహం: విశాఖపట్నం క్రైస్తవ భోజన సంస్కృతి - చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
భోజనానికి ముందు దేవునికి కృతజ్ఞత చెల్లించడం, మితంగా భుజించడం అనే క్రైస్తవ ఆచారాలు ఇటీవల బరువు తగ్గించుకునే సాధనాలుగా ప్రచారం పొందుతున్నాయి. ఇవి తెలుగులో ఏ పదాలతో స్థిరపడ్డాయో, ఏ సామాజిక పరిస్థితులలో అర్థాన్ని పొందాయో విశాఖపట్నం కేంద్రంగా ఈ వ్యాసం పరిశీలిస్తుంది. తెలుగు నేలపై వీటి తొలి సందర్భం స్థూలకాయం కాదని, ఆకలి, సహపంక్తి అని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కృతజ్ఞతాస్తుతి, ఆశానిగ్రహం, ఉపవాసం, ప్రేమవిందు, విశాఖపట్నం.

1. ఉప్పు తిన్న విశ్వాసం

లండన్ మిషనరీ సొసైటీ పంపిన జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ 1805లో విశాఖపట్నం చేరారు. క్రైస్తవం స్వీకరించిన బ్రాహ్మణుడు ఆనందరాయర్ తోడ్పాటుతో సువార్తల అనువాదానికి పూనుకున్నారు. 1809లో క్రాన్, 1810లో డెస్ గ్రాంజెస్ మరణించారు. వారి శ్రమఫలంగా మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరామపురంలో అచ్చయ్యాయి. అదే మిషన్‌కు చెందిన ఎడ్వర్డ్ ప్రిచెట్ చేసిన కొత్త నిబంధన అనువాదం 1818లో మద్రాసులో వెలువడింది. తెలుగు క్రైస్తవ పరిభాషకు విశాఖ తీరం ఒక తొలి కార్యశాల అని దీనివల్ల చెప్పవచ్చు.

ఆ పరిభాషలో భోజన సంబంధి పదాలు ప్రత్యేక పరిశీలనకు అర్హమైనవి. భోజనం పెట్టినవారికి ‘ధన్యవాదాలు’ చెప్పే అలవాటు తెలుగు వాడుకలో లేదు. తిన్నవాడు ‘అన్నదాతా సుఖీభవ’ అంటాడు, లేదా ‘నీ కడుపు చల్లగా’ అని దీవిస్తాడు. అంటే ఇక్కడ కృతజ్ఞత ఆశీర్వచన రూపంలో వ్యక్తమవుతుంది. కృతఘ్నతకు మాత్రం తెలుగులో జాతీయాల కొరత లేదు. ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం’ వాటిలో ప్రసిద్ధం. దేవుణ్ణి ఆశీర్వదించడం మానవునికి తగదు కనుక, గ్రీకు ‘యూకరిస్తియా’కు దీటుగా ‘కృతజ్ఞతాస్తుతి’ అనే సంస్కృత సమాసం స్థిరపడింది. కథోలిక సంప్రదాయం అదే సంస్కారానికి ‘దివ్యసత్ప్రసాదం’ అనే పేరును ఎంచుకుంది. ఒక పదం పుచ్చుకున్నవాని వాక్కును సూచిస్తే, రెండవది ఇచ్చినవాని అనుగ్రహాన్ని సూచిస్తుంది.

‘విశ్వాసం’ అనే మాట ఇంకా ఆసక్తికరం. క్రైస్తవ పరిభాషలో అది దైవంపై నమ్మకం. పల్లె వాడుకలో అన్నం పెట్టిన చేతిని మరువకపోవడం. ‘ఉప్పు తిన్న విశ్వాసం’ అనే పలుకుబడి తెలిసిన శ్రోతకు విశ్వాసి అన్న మాట వినగానే తిన్న ముద్ద, పెట్టిన చేయి స్ఫురించకపోవు. అనువాదకులు దీన్ని ఉద్దేశించి ఉండకపోవచ్చు. భాష తన పని తాను చేసింది.

నేటి బైబిలులో ‘రొట్టె’ అన్నిచోట్లా రొట్టెగా లేదు. ప్రభువు ప్రార్థనలో అది ‘అనుదినాహారము’, యోహాను సువార్తలో ‘జీవాహారము’, కడరా భోజనంలో మాత్రం ‘రొట్టె’. వరి అన్నం తినే జనానికి రోజూ అడుక్కోవలసినది రొట్టె కాదన్న ఎరుక ఈ ఎంపికలో కనిపిస్తుంది. గలతీ పత్రికలోని ‘ఆశానిగ్రహము’ కూడా గమనార్హం. మూలంలోని గ్రీకు పదం తనపై తనకున్న అదుపును సూచిస్తుంది. తెలుగు పదం అదుపు చేయవలసినది దేహాన్ని కాదు, ఆశను అని స్పష్టపరుస్తుంది.

2. అనెసీ నుంచి వచ్చిన మితాహార బోధ

విశాఖకు మరొక ధార ఫ్రెంచి ఆల్ప్స్ ప్రాంతం నుంచి వచ్చింది. పీటర్ మెర్మియే 1838లో అనెసీలో స్థాపించిన ఫ్రాన్సిస్ డి సేల్స్ మిషనరీ సభ గురువులు 1846లో ఈ ప్రాంతానికి చేరారు. వారి ఆదర్శమూర్తి ఫ్రాన్సిస్ డి సేల్స్ 1609లో గృహస్థుల కోసం రచించిన భక్తిజీవన గ్రంథంలో ఆహారం గురించి విశేషమైన చర్చ ఉంది. అప్పుడప్పుడు కఠిన ఉపవాసం చేసి, ఆ తరువాత విచ్చలవిడిగా తినడం కంటే నిత్యం మితంగా భుజించడం మేలని ఆయన బోధ. మరీ కొవ్వినా, మరీ చిక్కినా జింక సరిగా పరుగెత్తలేదని ఉపమానం చెబుతాడు. రుచిలేనిదాన్ని కోరి తినడం కంటే ముందు పెట్టినదాన్ని ఎంపిక లేకుండా తినడమే గొప్ప నిగ్రహమని కూడా అంటాడు.

నేటి ‘ఎరుకతో భుజించడం’ అనే భావనకు ఇంత దగ్గరగా వచ్చిన క్రైస్తవ రచన అరుదు. అయినా ఈ బోధ ఎంపిక చేసుకోగల స్థితిలో ఉన్న పాఠకులను ఉద్దేశించినది. విస్తరిలో పడినది తినడం తప్ప వేరు దారి లేనివారికి అది నిగ్రహం కాదు, బతుకు.

3. ఆకలి, పిడికెడు బియ్యం

ఈ భేదాన్ని తీవ్రంగా ముందుకు తెచ్చినది 1876-78 నాటి కరువు. దాని ప్రధాన రంగం విశాఖ కాదు, ఒంగోలు. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువలో కొంత భాగం తవ్వకాన్ని కాంట్రాక్టుకు తీసుకొని కరువు బాధితులకు కూలి కల్పించాడు. కూటి కోసం మతం మారారన్న నింద రాకూడదని కరువు సహాయం సాగినంతకాలం బాప్తిస్మాలు నిలిపివేశాడు. ఆ తరువాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వారిలో అత్యధికులు మాదిగలు. అన్నానికి, విశ్వాసానికి మధ్య ఉద్దేశపూర్వకంగా ఎడం పెట్టిన ఈ ఘటనను ‘బియ్యం క్రైస్తవులు’ అన్న ఎత్తిపొడుపు వాడేవారు సాధారణంగా ప్రస్తావించరు.

ఊరి పంక్తిలో చోటు లేనివారికి ప్రభువు బల్ల వద్ద చోటు దొరకడం భోజన చరిత్రలో చిన్న మార్పు కాదు. సంఘాలలోనూ కులం పోలేదన్నది వేరే చర్చ. తెలుగు సంఘాల స్త్రీలు వంటకు కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి దేవుని పేర వేరుగా ఉంచే ఆచారాన్ని ఈ నేపథ్యంలోనే చూడాలి. కుండలో పిడికెడు తగ్గుతుంది. తగ్గినది మరొకరి అవసరానికి చేరుతుంది.

4. ఉక్కునగరంలో ఉపవాసం

1933లో ఓడరేవు ప్రారంభమైంది. తరువాత ఉక్కు కర్మాగారం వచ్చింది. నెల జీతం, షిఫ్టుల పని భోజన వేళలను మార్చివేశాయి. ఈ నగరంలో ఉపవాసానికి రాజకీయార్థం కూడా ఉంది: ఉక్కు కర్మాగారం కోసం టి. అమృతరావు 1966 అక్టోబరులో ఇక్కడే నిరాహారదీక్షకు కూర్చున్నారు. శ్రమకాలపు నలభై దినాల ఉపవాసం, కర్మాగారం కోరిన దీక్ష, వైద్యుడు సూచించిన పథ్యం - మూడింటిలోనూ తినకపోవడమే ఉన్నా ముద్ద ఎవరి కోసం మానినది అన్నదే భేదం.

ఇప్పుడు నాలుగో రూపం చేరింది. అమెరికాలో చార్లీ షెడ్ 1957లో ప్రార్థనతో బరువు తగ్గించుకోమని ‘ప్రే యువర్ వెయిట్ అవే’ రాశాడు. 1986లో గ్వెన్ షాంబ్లిన్ ‘వెయ్ డౌన్ వర్క్‌షాప్’ ఆరంభించింది. నిజమైన ఆకలి వేసినప్పుడే తినాలని, తిండిపై ఆశను దైవభక్తి వైపు మళ్లించాలని బోధించింది. ఈ ధోరణిలో సన్నని దేహం భక్తికి కొలమానంగా మారిన తీరును మేరీ గ్రిఫిత్ ‘బోర్న్ అగెయిన్ బాడీస్’ (2004)లో విమర్శనాత్మకంగా చర్చించారు.

ఆంధ్రప్రదేశ్‌లో అధిక బరువు నిజమైన సమస్యే. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో మూడో వంతుకు పైగా స్త్రీలు అధిక బరువు కలవారు. నెమ్మదిగా నమిలి, ఆకలి తీరినదాకా తిని ఆపడం వారికి మేలు చేయవచ్చు. అయితే లావును పాపంగా, సన్నదనాన్ని విశ్వాసానికి సాక్ష్యంగా చూపే బోధకు తెలుగు సంఘ చరిత్రలో ఆధారం బలహీనం. సువార్తలలో ‘తిండిబోతు’ అన్న నింద పడినది స్వయంగా యేసుపైనే. కొరింథు సంఘాన్ని పౌలు మందలించినది వారు ఎక్కువ తిన్నందుకు మాత్రమే కాదు. ఒకడు ఆకలితో ఉండగా మరొకడు ముందే తిన్నందుకు. ఒకరికొకరు కనిపెట్టుకొని భుజించమని ఆయన ఇచ్చిన ఆజ్ఞకు నేటి సంఘాల ప్రేమవిందులో ఆచరణరూపం కనిపిస్తుంది. అక్కడ ఎవరి ముద్దకు వారు కాక, పంక్తికంతటికీ కలిపి ఒకే ప్రార్థన చేస్తారు.